పంచె మీద కుక్క

ఆ రోజుల్లో చరిత్ర అంటే ఏమిటో నాకు తెలిసినంత బాగా మా చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదని నా గట్టి నమ్మకం. వయసు ఇరవై నాలుగు. బి.ఎడ్. పట్టా మీద సంతకాల తడి ఇంకా ఆరలేదు. మీసం అప్పుడప్పుడే ఒక దారికి వస్తోంది. ఇప్పుడు నలభై దాటాక, పొద్దున్నే గడ్డం గీసుకుంటూ అద్దంలో చూస్తే ఒక్కోసారి ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. గుర్తొస్తే నవ్వొస్తుంది. నవ్వు సగంలో ఉండగానే ఒక పాత పంచె గుర్తొచ్చి ఆ నవ్వు అక్కడే ఆగిపోతుంది. ఆ పంచె నాది కాదు. పది రోజుల్లో తిరిగి ఇస్తానని ఒకామెకు మాటిచ్చి తీసుకున్నది. ఆ మాట ఎంత గొప్పగా నిలబెట్టుకున్నానో చెబుతాను, మీరు మరీ కోపం తెచ్చుకోకుండా వింటానంటే.

మాది హోసూరు పక్కన మత్తిగిరి. ఉద్యోగం వచ్చింది మాత్రం వేప్పనపల్లి దాటాక ఒక పల్లెలో ఉన్న తెలుగు బడిలో, ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు సాంఘిక శాస్త్రం చెప్పడానికి. రెండు బస్సులు మారి, చివరి రెండు మైళ్ళు ఎవరి బండి దొరికితే ఆ బండి వెనక కూర్చుని వెళ్ళేవాణ్ణి. (ఒకసారి టమాటా పెట్టెల మధ్య కూర్చుని వెళ్ళి, ఆ రోజంతా పిల్లలకు వెన్ను చూపించకుండా పాఠం చెప్పాను.) మొదటి రోజే హెడ్మాస్టరు గారిని, అంటే మేమందరం పెద్దసారు అని పిలిచే ఆయన్ని, చరిత్ర చెప్పడానికి బోధనోపకరణాలు ఏమున్నాయని అడిగాను. ఆ మాట కాలేజీలో నేర్చుకున్నది. పలికితే నోరు నిండేది. పెద్దసారు బీరువా తాళం కోసం మూడు సొరుగులు వెతికి, చివరికి తన చొక్కా జేబులోనే దొరికించుకుని, తలుపు తీసి పక్కకు తప్పుకున్నాడు.

లోపల ఒక భారతదేశ పటం ఉంది. మడతల దగ్గర చిరిగి చిరిగి, దేశంలో లేని నదులు నాలుగు కొత్తగా పుట్టాయి. ఒక గ్లోబు ఉంది, దాని స్టాండు తుప్పు పట్టి విరిగిపోతే ఎవరో పుణ్యాత్ముడు దాన్ని ఇత్తడి చెంబు మీద కూర్చోబెట్టాడు. రాజుల బొమ్మల చార్టు ఒకటి ఉంది. ఆరుగురు రాజులు, ఆరుగురికీ ఒకటే ముఖం, ఒకటే మీసం, తలపాగాల రంగు మాత్రం వేరు. పిల్లలు రాజులను తలపాగాలతోనే గుర్తుపెట్టుకున్నారని తర్వాత తెలిసింది. పరీక్షలో ఒకడు 'ఈ గుడిని పచ్చ తలపాగా కట్టించాడు' అని రాశాడు, నేను అర మార్కు కూడా వేశాను. ఇవి కాక ఒక ప్లాస్టిక్ ఎముకల చెయ్యి ఉంది, అది సైన్సు వాళ్ళది. అంతా చూపించాక పెద్దసారు బీరువాకు మళ్ళీ తాళం వేసి, "జాగ్రత్తప్పా, పిల్లోళ్ళ చేతికిస్తే పాడైపోతాయి" అన్నాడు.

అప్పుడు నాకు శిక్షణలో చెప్పిన మాట గుర్తొచ్చింది. చరిత్రను చుట్టూ ఉన్న వస్తువులతో చెప్పాలట. చుట్టూ చూశాను. ఏడో తరగతి కిటికీ అవతల మామిడితోపు, ఆ తోపు మూలలో నడుము ఎత్తున ఒక రాయి. ఏళ్ళ తరబడి పోసిన నూనె, పూసిన పసుపు గట్టిగా పెచ్చు కట్టి, చెయ్యెత్తి నిలబడ్డ ఒక మనిషి ఆకారం తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. ఊరంతా ఆ రాయిని తోపయ్య అనేవాళ్ళు. నాకు మాత్రం అది వీరగల్లు, పోరాటంలో చనిపోయిన వాడికి నిలబెట్టిన రాయి. పుస్తకంలో బొమ్మ చూశాను కదా. మర్నాడే పిల్లలందరినీ కిటికీ వైపు తిప్పి, ఏదో ఒక రాజు దగ్గర సైన్యంలో పనిచేసిన యోధుడి జ్ఞాపకార్థం ఆ రాజే దీన్ని నిలబెట్టించి ఉంటాడని పాఠం మొదలుపెట్టాను.

వరండాలో ఆయమ్మ బియ్యం చెరుగుతోంది. బడిలో మధ్యాహ్నం భోజనం వండే ఆమెను పిల్లలు, మేము, పెద్దసారు అందరం ఆయమ్మ అనే పిలిచేవాళ్ళం. భర్త పోయి రెండేళ్ళయింది. ఆ తోపు ఆమె అత్తగారింటి వాళ్ళది. చేటలోంచి తల ఎత్తకుండానే అంది:

"రాజూ లేడు, ఎవురూ లేరు సారూ. ఆయన మా ఇంటాయన తాతకు తాత. ఊరి ఆవుల్ని ఎవురో తోలుకొని పోతా ఉంటే అడ్డం పడి చచ్చిపోయినాడు."

ముప్పై తలలు ఒక్కసారిగా ఆమె వైపు తిరిగాయి. నేను చెబుతుంటే ఒక్క రోజు కూడా అలా తిరగలేదు. నాకు ఒళ్ళు మండింది. దానికి ఆధారమేముంది ఆయమ్మా అని అడిగాను, గొంతులో బి.ఎడ్. అంతా నింపుకుని. ఆమె తల ఎత్తి, ఏటా మామిడికాయ కోత మొదలుపెట్టే ముందు ఆయనకొక సంగటి ముద్ద పెడతామని, దాని పక్కనే నేల మీద ఇంకొక చిన్న ముద్ద కూడా పెడతామని చెప్పింది. చిన్నది ఎవరికి అన్నాను. తెలియదంది. "మా అత్త పెడతా ఉండె. నేనూ పెడతా ఉండా" అంది, అంతే. నేను నవ్వాను. సారు నవ్వాడు కాబట్టి పిల్లలూ నవ్వారు. అంతటితో ఊరుకున్నానా? నల్లబల్ల మీద 'ఆచారం ఆధారం కాదు' అని పెద్ద అక్షరాలతో రాసి, అందరి చేతా నోటు పుస్తకాల్లో రాయించాను. ఆయమ్మ మళ్ళీ చేటలోకి తల వంచుకుంది. ఆ వంచుకున్న తల ఇప్పుడు కూడా కనిపిస్తుంది నాకు.

ఆధారమంటే ఏమిటో ఈ ఊరికి చూపించాలని పట్టుదల పెరిగింది. రాతి మీద తడి కాగితం అంటించి, అణిచి, పైన మసి అద్దితే చెక్కడంలో ఎత్తుగా ఉన్నవి నల్లగా, లోతుగా ఉన్నవి తెల్లగా పడతాయి. కాలేజీలో ఒకసారి దూరం నుంచి చూశాను. (దూరం నుంచి అనే మాట గుర్తుపెట్టుకోండి.) మసి కోసం ఏడో తరగతిని వంటగది మీదికి తోలాను. పిల్లలు అన్నం వండే గుండిగల అడుగులు గీకి గీకి రెండు డబ్బాల మసి తీశారు. కొన్ననాటి నుంచి అలా మెరవని గుండిగలు చూసుకుని ఆయమ్మ మురిసిపోయింది. ఆ మధ్యాహ్నం నాకు అడక్కుండానే రెండో గుడ్డు వడ్డించింది. ఆ మసి ఎక్కడికి పోతుందో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. తోపయ్య ఆమె ఇంటి పెద్ద కదా, ఒక మాట అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు. పెద్దసారును అడిగాను. ఆయన పేపరు చదువుతూ, రాయే కదప్పా, తీసుకో అన్నాడు.

మసిలో జిగురు కలిపాం. కాగితానికి వేప్పనపల్లిలో దొరికింది చార్టు కాగితమే. దాన్ని నీళ్ళలో నానబెట్టాను. అది నానింది. నాని, అట్ల పిండి అయింది. రాతికి అంటించగానే మధ్యలో చిరిగింది, చిరిగిన చోట ఇంకో ముక్క అతికించాను, అదీ చిరిగింది. అయినా వెనక్కి తగ్గలేదు. పిల్లలు ఉత్సాహంగా గుడ్డ మూటలు మసిలో ముంచి అద్దుతూనే ఉన్నారు, నేను ఇంకా, ఇంకా అంటూనే ఉన్నాను. అరగంటయ్యేసరికి రాతి మీద కాగితం లేదు. మసి ఉంది. తల నుంచి పాదాల దాకా తోపయ్య నిగనిగలాడుతూ నల్లగా నిలబడి ఉన్నాడు. నా చొక్కా, చేతులు, అంత జాగ్రత్తగా పెంచుకున్న మీసం, అన్నీ అదే రంగు. (ఆ రోజు నుంచి ఆ ఊళ్ళో నా పేరు మసి సారు. బస్సు కండక్టరు కూడా అలాగే పిలిచేవాడు.)

పిల్లలు గుడ్డ మూటలు వీపు వెనక దాచుకుని నా వెనక్కి చూశారు. తిరిగి చూస్తే ఆయమ్మ నిలబడి ఉంది. చేతిలో అన్నం గరిటె. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. నన్ను చూడనైనా చూడలేదు. రాయిని చూసింది, చాలాసేపు చూసింది. తర్వాత పిల్లలతో, నీళ్ళు తెండి, నా గంపలో చింతపండు ఉంది అదీ తెండి అంది. కొంగు బిగించి కూర్చుని తోమడం మొదలుపెట్టింది. చింతపండు, పొయ్యిలోని బూడిద, కొబ్బరి పీచు. పిల్లలు నీళ్ళు మోశారు. నేనూ మోశాను. ఆ మధ్యాహ్నం బడిలో ఇంకే పాఠమూ జరగలేదు. మసితో పాటు ఎన్ని తరాల నూనె పెచ్చో, ఎన్ని పూతల పసుపో పొరలు పొరలుగా ఊడి వచ్చింది. ఇంటి పెద్ద ఒంటిని అంత గట్టిగా రుద్దడం ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ చేసి ఉండరు. నా వల్ల ఆమె చేయాల్సి వచ్చింది.

మా తరగతిలో ఒక పిల్ల ఉండేది. ఏం చెప్పినా ఎందుకు అని అడిగేది కాబట్టి దాని పేరు ఎందుకమ్మ అయింది. ఆ ఎందుకమ్మే ముందు చూసింది. "కాలి దగ్గర ఏమో ఉండాది సార్" అంది. వంగి చూశాం. మనిషి పాదం పక్కన, జానెడు కూడా లేని ఒక చిన్న ఆకారం. మేక అన్నాడొకడు. పంది అన్నాడింకొకడు. నీళ్ళు పోసి మళ్ళీ తుడిస్తే తోక తేలింది, వెనక్కి చుట్టుకున్న తోక. తల పైకెత్తి ఆ మనిషి ముఖంలోకి చూస్తోంది. కుక్క.

ఆయమ్మ చేతిలోని పీచు కింద పడింది. సరిగ్గా ఆ కుక్క ఉన్న చోటనే, దాని ముక్కుకు ఎదురుగా, ఏటా ఆ చిన్న ముద్ద పెడతారు. ఆమె తడి నేల మీద అలాగే చతికిలబడి, వేలితో ఆ కుక్క వీపు మీద ఒకసారి నిమిరింది.

"నీకా నాయనా చిన్న ముద్ద" అంది. "ఇన్నేండ్లూ ఎవురికో తెలీకనే పెడతా ఉండాను."

ఆమె నా వైపు తిరిగి, చూసినావా అంటే నేను తట్టుకునేవాణ్ణి. అనలేదు. ఆ మాట అనాలని కూడా ఆమెకు తోచలేదు. నేనే సాయంత్రం అందరూ వెళ్ళాక తరగతిలోకి పోయి, నల్లబల్ల మీద ఇంకా మిగిలి ఉన్న 'ఆచారం ఆధారం కాదు' అన్న వాక్యాన్ని చెరిపేశాను. పిల్లల పుస్తకాల్లో రాయించినదాన్ని మాత్రం కొట్టేయించలేదు. కొట్టేయించాలంటే తప్పు నాదని వాళ్ళ ముందు ఒప్పుకోవాలి. అంత ధైర్యం బి.ఎడ్.లో నేర్పలేదు.

మర్నాడు ఆయమ్మ ఒక పంచె తెచ్చింది. తెల్లటిది, ఉతికి ఉతికి ఉల్లిపొర అంత పలచబడింది. (సారూ అని పిలుస్తూనే నన్ను నువ్వు అనేది, ఆ రెండూ కలిసి ఆమె నోట్లో ఎంత చక్కగా ఉండేవో.) "కాగితం పనికి రాదు సారూ. ఇది మా ఇంటాయనది. దీని మీద తీయి. పిల్లోళ్ళకు చూపించుకో. చూపించి మళ్ళా నాకిచ్చెయ్యి, ఇంట్లో గోడకు కట్టుకుంటా" అంది. పది రోజుల్లో తెచ్చిస్తానని మాటిచ్చాను. పంచె తడిపి రాతికి చుట్టాం. ఈసారి ఆయమ్మే పక్కన కూర్చుని, మెల్లగా, మెల్లగా అంటూ మసి ఎంత అద్దాలో చెప్పింది. విప్పి తీగ మీద ఆరేస్తే తోపయ్య నిండుగా వచ్చాడు. చేతిలో కత్తి, నడుముకు పట్టీ, వెనక మూడు ఆవుల కొమ్ములు, కాలి దగ్గర కుక్క. కుక్క కళ్ళు కూడా పడ్డాయి.

దాన్ని ఏడో తరగతి గోడకు కట్టాక నా ఉద్యోగం మారిపోయింది. అప్పటిదాకా నేను మాట్లాడేవాణ్ణి, వాళ్ళు ఆవలించేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళు అడిగేవాళ్ళు. ఆవులు ఎవరివి, తోలుకుపోయింది ఎవరు, ఆయన పెళ్ళాం ఏమైంది, కుక్క కూడా చచ్చిపోయిందా, చచ్చిపోకపోతే ఎవరు సాకారు. నాకు ఒక్కదానికీ జవాబు తెలియదు. తెలియదని మొదటిసారి పిల్లలతో చెప్పాను, ఆ రోజు వాళ్ళు నన్ను కొంచెం ఇష్టపడ్డారు.

పది రోజుల లోపే కృష్ణగిరిలో బోధనోపకరణాల ప్రదర్శన అన్నారు. పంచె మడిచి సంచిలో పెట్టుకున్నాను. దాని కింద తగిలించే అట్ట మీద అందమైన దస్తూరీలో 'సేకరణ, పరిశోధన' అని రాసి పక్కన నా పేరు రాసుకున్నాను. ఆయమ్మ పేరు రాయలేదు. చింతపండు సంగతీ, చిన్న ముద్ద సంగతీ రాయలేదు. రాస్తే అది నా పరిశోధన ఎలా అవుతుంది? రెండో బహుమతి వచ్చింది. మొదటిది సోడాపొడితో పొగ చిమ్మే అగ్నిపర్వతానికి ఇచ్చారు. (అగ్నిపర్వతానికీ చరిత్రకూ ఏమిటి సంబంధమని ఇప్పటికీ నాకు అడగాలని ఉంది.) వేదిక ఎక్కి సర్టిఫికెట్ తీసుకున్నాను, ఫోటో తీశారు, చీకటి పడేలోగా బస్సెక్కాలని పరుగెత్తాను. సర్టిఫికెట్ నలగకుండా పేపర్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని శూలగిరి దాకా మురిసిపోతూ వచ్చాక, పంచె అక్కడే మేకుకు వేలాడుతూ ఉండిపోయిందని గుర్తొచ్చింది. సోమవారం పోయి తెచ్చుకోవచ్చులే అనుకున్నాను. సర్టిఫికెట్ మరిచిపోయి ఉంటే శూలగిరిలోనే దిగి వెనక్కి పోయేవాణ్ణి. అది నాకు బాగా తెలుసు.

సోమవారం వెళితే హాలు ఖాళీగా ఉంది. ఊడ్చే పెద్దావిడ ఉంది. గోడకున్న గుడ్డ గురించి అడిగితే ఆమె ముఖం వెలిగింది. లోపలికి పోయి మడత పెట్టిన పంచె తెచ్చి నా చేతిలో పెట్టింది. ఎవరో మసిగుడ్డ వదిలేసి పోయారని, చూస్తే మంచి పంచె అని, పారేయడానికి మనసొప్పక ఉతికి పెట్టానని తమిళంలో చెప్పింది. మసి ఒక పట్టాన వదల్లేదట. రెండుసార్లు సబ్బు పెట్టి, ఎండలో వేసి, మళ్ళీ ఉతికిందట. పంచె విప్పాను. ఎంత తెలుపో. కత్తి లేదు, ఆవులు లేవు, తోపయ్య లేడు, కుక్క లేదు. ఆమె నా ముఖంలోకి ఆశగా చూస్తోంది. మంచి పని చేశావమ్మా అన్నాను. ఇంకేమనను?

బడికి వెళితే ఆయమ్మ పొయ్యి దగ్గర నుంచే అడిగింది, యాడ సారూ పంచె అని. చెప్పాలనే నోరు తెరిచాను. తెరిచిన నోట్లోంచి, చెన్నైకి పంపించారు ఆయమ్మా, పెద్ద ప్రదర్శనకు, అన్న మాట వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. ఆమె గరిటె పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది. మా ఇంటాయన హోసూరు దాటి ఎరగడు, ఆయన పంచె మాత్రం చెన్నై పోయింది అని ఆ వారమంతా గుండిగల దగ్గరికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పుకుంది. ఇంకో పంచె కొని మళ్ళీ తీస్తే ఒక్క పూట పని. (ఫోటో తీసుకోలేదా అంటారేమో. అప్పటి నా ఫోనులో టార్చి తప్ప ఇంకేమీ లేదు.) కానీ మళ్ళీ తీయాలంటే అబద్ధం బయటపడుతుంది. దసరా సెలవుల్లో అనుకున్నాను, అర్ధసంవత్సరం పరీక్షలయ్యాక అనుకున్నాను. రాయి కదా, ఎక్కడికి పోతుంది అనుకున్నాను. జూన్‌లో నాకు హోసూరు పక్కకు బదిలీ అయింది. ఆయమ్మ గేటు దాకా వచ్చి, పంచె చెన్నై నుంచి వస్తే నీ దగ్గర్నే పెట్టుకో సారూ, నేనొచ్చి తీసుకుంటా అంది. పంచె అప్పటికే మా ఇంట్లో బీరువా అడుగున ఉంది.

ఆ తర్వాత పెళ్ళి, పిల్లలు, ప్రమోషను. ఇప్పుడు నేనే పెద్దసారును. చుట్టుపక్కల టీచర్లకు, స్థానిక వనరులతో చరిత్ర ఎలా చెప్పాలో శిక్షణ ఇస్తాను. శిక్షణలో ఈ కథ చెబుతాను. చార్టు కాగితం అట్ల పిండి అయిన చోట నవ్వుతారు, మసి మీసం దగ్గర పగలబడి నవ్వుతారు. రెండో బహుమతి దగ్గర చప్పట్లు కొడతారు. మొన్నటిదాకా అక్కడితో ఆపేసి టీ తాగడానికి పంపించేవాణ్ణి.

నిరుడు ఒక ఆదివారం పొద్దున గుమ్మంలో ఆయమ్మ కనబడింది. పక్కన ఎందుకమ్మ, ఇప్పుడు హోసూరులో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తోంది, నా అడ్రసు వెతికి పట్టుకున్నది ఆ పిల్లే. ఆయమ్మ బాగా వంగిపోయింది. కుర్చీలో కూర్చోమంటే గోడ వారగా నేల మీదే కూర్చుంది. మంచినీళ్ళు తాగాక చెప్పింది. తోపు మరుదుల భాగానికి పోయిందట, వాళ్ళు అమ్మేశారట, ప్లాట్లు వేశారట. అప్పుడు ఆమె కుప్పంలో కూతురి కాన్పు చూస్తూ ఉంది. తిరిగి వచ్చేసరికి చెట్లు లేవు, రాయీ లేదు. జేసీబీ తగిలి రెండుగా పగిలిందని ఒకరు, పగిలిన ముక్కలు ప్రహరీ పునాదిలో వేశారని ఒకరు అన్నారు. ఏ వైపు గోడ అంటే ఎవరూ చెప్పలేదు.

"రాయి పోయింది సారూ. పంచె చెన్నై నుంచి వచ్చిందా?"

చూపు ఎక్కడ పెట్టాలో తెలియక గోడ వైపు చూశాను. అక్కడ అద్దం కట్టించిన సర్టిఫికెట్ ఉంది. ఆయమ్మ కూడా అటే చూసి, ఏమి రాసి ఉండాదో చదవమ్మా అని ఎందుకమ్మకు చెప్పింది. ఎందుకమ్మ చదివింది. నా పేరు, నా హోదా, నా పరిశోధన. అంతా విన్నాక ఆయమ్మ, "కుక్క ఉండాదా దీంట్లో?" అని అడిగింది. వెటకారం కాదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

లోపలికి పోయి బీరువా అడుగు నుంచి పంచె తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాను. ఎదురుగా నేల మీద కూర్చుని, మేకు నుంచి సబ్బు దాకా, సబ్బు నుంచి చెన్నై దాకా మొత్తం చెప్పాను. ఆమె పంచె విప్పి కిటికీ వెలుతురుకు పట్టి చూసింది. తిప్పి రెండో వైపు చూసింది. వేలితో తడిమింది, కుక్క ఉండాల్సిన చోట.

"బాగా ఉతికినారు. మా ఇంటాయన కట్టుకొనేటప్పుడు కూడా ఇంత తెల్లగా లేదు" అని చిన్నగా నవ్వింది. తర్వాత అంది: "ఆ పొద్దే చెప్పి ఉంటే ఇంకొక పంచె ఇచ్చేదాన్ని కదా సారూ. నా దగ్గర ఇంకా రెండు ఉండె."

నాకు ఏడుపొచ్చింది. నలభై దాటిన హెడ్మాస్టరు, నేల మీద కూర్చుని, పాత విద్యార్థి ముందు వెక్కి వెక్కి ఏడిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఎందుకమ్మ మర్యాదగా క్యాలెండరు చదువుతూ కూర్చుంది. జీవితంలో మొదటిసారి ఎందుకు అని అడగలేదు. వెళ్ళేటప్పుడు ఆయమ్మ పంచె సంచిలో పెట్టుకుని, కాయ కోసే దినాల్లో ఒకసారి రా సారూ అని చెప్పి పోయింది. కోయడానికి అక్కడ చెట్లు లేవన్న సంగతి ఇద్దరికీ తెలుసు.

ఈ ఏడు వెళ్ళాను. ముందు రోజు వాన పడింది. తోపు ఉన్న చోట ఎర్రమట్టి రోడ్లు, నంబర్లు రాసిన చిన్న చిన్న రాళ్ళు. బడి కిటికీని గుర్తు పెట్టుకుని, దానికి ఎదురుగా లెక్క చూసుకుని, ఆయమ్మ ఒక చోట ఆగింది. అంతా కంకర, సిమెంటు పెళ్ళలు. ముద్ద పెట్టేంత శుభ్రమైన నేల లేక, భుజాన ఉన్న ఆ తెల్ల పంచె తీసి నాలుగు మడతలు వేసి పరిచింది. దాని మీద పెద్ద ముద్ద, పక్కన చిన్న ముద్ద పెట్టి దండం పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను. ఇంతలో ప్లాట్ల అవతల నుంచి ఒక వీధికుక్క, గోధుమ రంగుది, ఒక చెవి చిరిగినది, తడి మట్టిలో నడుచుకుంటూ నేరుగా వచ్చి పంచె మీద కాళ్ళు పెట్టింది. పంచె పాడవుతుందని అదిలించబోయాను. ఆయమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. కుక్క ముందు చిన్న ముద్ద తినేసింది. పెద్దదాన్ని వాసన చూసి, సగం తిని, తలెత్తి మా ఇద్దరినీ ఒకసారి చూసి దాని దారిన అది పోయింది.

తెల్లటి పంచె నిండా ఎర్రటి అడుగులు. ఆయమ్మ వంగి దాన్ని తీసి, మిగిలిన ముద్ద నేల మీదికి జార్చి, ఆ అడుగుల్ని కాసేపు చూసి, పంచె నా చేతుల్లో పెట్టింది.

"వచ్చింది చూడు సారూ నీ కుక్క. ఈసారి మాత్రం ఎవురినీ ఉతకనీకు."

మడత పెడితే మట్టి చెదిరిపోతుందని, అది ఆరేదాకా రెండు చేతులతో పరిచి పట్టుకుని ఆ కంకర మీద ఎండలో నిలబడ్డాను. ఆరాక ఆయమ్మ ఇంటికి తీసుకెళ్ళి, నేనే మేకు కొట్టి, ఆమె గోడకు కట్టి వచ్చాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా చేతుల నిండా ఎర్రమట్టి. మీసానికి కూడా అంటుకుందని పక్క సీటాయన చెబితే తెలిసింది. తుడుచుకోబోయి, ఎందుకో ఊరుకున్నాను. శూలగిరి దగ్గర బస్సు ఆగినప్పుడు కిటికీ అద్దంలో చూసుకుంటే, ఒళ్ళో సర్టిఫికెట్ పెట్టుకుని మురిసిపోతూ పోయిన ఆ మసి సారు కాస్త నెరిసిన మీసంతో, ఒట్టి చేతులతో కూర్చుని ఉన్నాడు.